సీరం దగ్గర తొందరపడకు బుజ్జీ

బుజ్జీ, గుంటూరు కొత్తపేటలో ల్యాబ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. సెరాలజీ బల్ల దగ్గర, అంటే సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) యాంటీబాడీలు వెతికే చోట, వేశారట కదా, నేను ముప్పై ఏళ్లు కూర్చున్నదీ అక్కడే, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు వైడాల్ సంగతి, అదే టైఫాయిడ్‌కి చేసే టెస్టు. జ్వరం వచ్చిన రెండో రోజో మూడో రోజో టెస్టు రాయించుకుని వచ్చేస్తారు గానీ, టైఫాయిడ్ యాంటీబాడీలు రక్తంలో తేలడానికి వారం దాకా పడుతుంది, ఆ మొదటి వారంలో పట్టిచ్చేది రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చరే. అందుకని జ్వరం ఎన్నో రోజో ఫారంలో లేకపోతే పేషెంటునే అడిగి రాసుకో. స్లైడ్ మీద సీరం, యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే క్రిమి పదార్థం) కలిపి తిప్పాక, పలుకులు కట్టిందా లేదా అని నిమిషానికి చూసెయ్యాలి. నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం స్లైడ్ మధ్యలో వదిలేసి ఫోన్‌కి లేచి వెళ్లాను. వచ్చి చూస్తే చుక్క అంచున సన్నటి రవ్వలాగా పలుకులు. పాజిటివ్ అని రాసిచ్చేశాను. మర్నాడు మా సీనియర్ అదే సీరం ట్యూబుల్లో పెడితే ఏమీ లేదు, నేను చూసింది ఎండిపోయిన యాంటిజెన్. అప్పటికే ఆ పిల్లాడికి ఇంజెక్షన్లు మొదలుపెట్టేశారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి స్లైడ్‌లో వచ్చిందాన్ని ట్యూబుల్లో చూడు. సెలైన్‌తో 1:20, 1:40, 1:80, 1:160 అలా రెట్టింపు పలచన చేసుకుంటూ పోయి, ప్రతిసారీ పిపెట్ టిప్ మార్చి, యాంటిజెన్ వేసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే, గడ్డలు స్పష్టంగా కనిపించిన చివరి ట్యూబు పలచనే నీ టైటర్, అంటే యాంటీబాడీ ఎంతుందో చెప్పే అంకె. అదీ ఒక్కసారి చూసి తేల్చేది కాదు, వారం పది రోజులాగి తీసిన రెండో శాంపిల్లో నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు గట్టిగా నమ్మొచ్చు. రెండో శాంపిల్ కావాలని డాక్టరు గారికి చెప్పడానికి మొహమాటపడకు.

ఇక ఎలైజా, అంటే రంగు మార్పుతో యాంటీబాడీని పట్టే టెస్టు, దాని ప్రాణమంతా కడగడంలోనే ఉంది. ప్లేటు గుంటలో అతికించిన యాంటిజెన్‌కి పేషెంటు యాంటీబాడీ పట్టుకుంటుంది, దానికి ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ పట్టుకుంటుంది, పట్టుకోనిది ఏ కాస్త మిగిలినా సబ్‌స్ట్రేట్, అదే ఎంజైమ్ తగిలితే రంగు మారే ద్రావణం, వెయ్యగానే అదీ నీలంగా తిరిగేస్తుంది. ఆ తర్వాత యాసిడ్ వేస్తే పసుపైపోతుంది, రీడర్ 450 నానోమీటర్ల దగ్గర చదివేస్తుంది, దానికి నీ తప్పు తెలియదు. కిట్‌లో ఎన్నిసార్లు కడగమంటే అన్నిసార్లూ కడిగి, ప్లేటు బోర్లించి టిష్యూ మీద గట్టిగా తట్టు, అలాగని గుంటలు ఎండిపోనివ్వకు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. కిట్ పేపర్లో రూమ్ టెంపరేచర్ అంటే మామూలుగా 20 నుంచి 25 డిగ్రీలు, మే నెలలో మన గుంటూరు గది కాదు. ఏసీ పనిచెయ్యని రోజు ప్లేటు పెట్టనని చెప్పెయ్, ఎవరు విసుక్కున్నా సరే. కంట్రోల్స్, అంటే ఫలితం ముందే తెలిసిన శాంపిల్స్, కుదరకపోతే ఆ ప్లేటు మీద ఒక్క రిపోర్టు కూడా వెళ్లకూడదు.

ట్యూబుల్లో వైడాల్ మొదటిసారి పెట్టినప్పుడు ఆ వరుస, కంట్రోల్ ట్యూబుతో సహా, వెలుతురులో ఫోటో తీసి పంపు. గడ్డలు ఏ ట్యూబు దగ్గర ఆగాయనుకుంటున్నావో నువ్వు ముందు రాయి, తర్వాత నేను చెబుతాను.

మీ పెదనాన్న