పది నెలలు ఆగితే క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కిరాణా కొట్టు ఉంది, వయసు 47. గుండెల్లో మంటకు ఏళ్లుగా మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు అన్నం ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతోంది, నీళ్లు తాగితే గానీ దిగదు. హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) అని, ఫండోప్లికేషన్ ఆపరేషన్‌కు 1.8 లక్షలు అవుతుందని విశాఖలో చెప్పారు. 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకుని 14 నెలలైంది. అందులో హెర్నియాకు రెండేళ్లు ఆగాలట. పది నెలలు మాత్రలతో నెట్టుకురానా, 3 లక్షల ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: ఆగాలా వద్దా అన్నది ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చెప్పాలి, పాలసీ కాదు. మంట వేరు, ముద్ద దిగకపోవడం వేరు. యాసిడ్ వల్ల అన్నవాహిక పుండుపడి ఇరుకైపోయి ఉండొచ్చు, హెర్నియా వల్ల కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. ఇప్పటికే చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకోండి, డబ్బు చేతి నుంచి పెట్టుకునైనా సరే. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, నీళ్లు కూడా దిగకపోయినా ఆ వారం కూడా ఆగొద్దు.

ఇరుకుదనమే అయితే ముందు బెలూన్‌తో వెడల్పు చేసి, మందులు వాడి చూస్తారు. ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుడతారు. దానికి ముందు అన్నవాహిక ముద్దను ఎంత బలంగా కిందికి నెడుతోందో మానోమెట్రీతో కొలవాలి. అది బలహీనంగా ఉంటే చాలామంది సర్జన్లు పూర్తిగా చుట్టకుండా సగం చుట్టుతో సరిపెడతారు. ఈ పరీక్షలు ఆ 1.8 లక్షల్లో ఉన్నాయో లేదో అడిగి రాయించుకోండి.

ఇక పాలసీ. మంట సంగతి ఫారంలో రాశారా? 'ఎసిడిటీ ఎవరికి లేదండీ, రాయక్కర్లేదు' అనే ఏజెంట్లు మన వైపు బోలెడుమంది. పాలసీకి ముందు మూడేళ్లలో డాక్టరు రాసిన మందు వాడి ఉంటే అది పాత జబ్బే. దానికి కంపెనీ 36 నెలల దాకా ఆగాల్సిన గడువు పెట్టొచ్చు. అప్పుడు మీ పది నెలల లెక్కే తప్పు. ఆసుపత్రి కేసు షీట్‌లో 'ఏళ్లుగా మంట' అని ఎలాగూ రాస్తారు. అక్కడ 'రెండు నెలలే' అని రాయించాలని చూడకండి, పాలసీకే ఎసరు వస్తుంది. గడువు దాటాక క్లెయిమ్ చేసినా గది అద్దె పరిమితి చూసుకోవాలి. అది రోజుకు 5,000 ఉండగా మీరు 8,000 గది తీసుకున్నారనుకోండి. చాలా పాలసీల్లో మిగతా బిల్లునూ అదే నిష్పత్తిలో (8లో 5 వంతులు) ఇస్తారు కాబట్టి, సర్జన్ ఫీజు, థియేటర్ వగైరా 1.2 లక్షలైతే కంపెనీ 75,000 ఇస్తుంది. మిగతా 45,000 మీ నెత్తిన పడుతుంది.

పాలసీ కంటే ముందు మీ రేషన్ కార్డు తీయండి. ఒడిశాలో కేంద్రం వైద్య పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. రేషన్ కార్డును బట్టి అర్హత ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఇందులో పాత జబ్బుకు గడువు లేదు. బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వాసుపత్రిలో గానీ, విశాఖలో ఈ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలో గానీ ఆయుష్మాన్ మిత్ర డెస్క్ దగ్గర మీ ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉందా అని అడగండి. పార్వతీపురం చుట్టాలు 'మా కార్డులో నీ పేరు ఎక్కించేద్దాం' అంటే మాత్రం వద్దనండి. ఆధార్ రాయగడది, పట్టుబడేది మీరే.

కార్డు లేదంటే ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ మీద ఒకటి రెండు శాతం ఎక్కువ, అదీ వాడుకున్నంతకే. పర్సనల్ లోన్ జోలికి వెళ్లొద్దు. అంతా ఆసుపత్రికే పెట్టేయకండి. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు జావ, మెత్తని అన్నమే. ఆ వారాల్లో ముద్ద కాస్త పట్టేయడం మామూలే, చాలామందికి తగ్గిపోతుంది. కొద్దిమందికి మళ్లీ వెడల్పు చేయాల్సి రావచ్చు. కొంతకాలం బియ్యం బస్తా ఎత్తకూడదు కాబట్టి కొట్టులో కూలి మనిషిని పెట్టుకోవాలి. ఇంటి ఖర్చుకూ కూలికీ రెండు నెలల డబ్బు విడిగా ఉంచుకోండి.

పాలసీ మాత్రం ఆపేయకండి. రాయనిది ఏదైనా ఉంటే ఏజెంటుకు నోటిమాటగా కాకుండా కంపెనీకే లిఖితపూర్వకంగా తెలపండి. ప్రీమియం పెంచొచ్చు, పాలసీ రద్దు చేస్తామన్నా అనొచ్చు. అయినా అది ఇప్పుడే తేలడం నయం, ఆసుపత్రి బిల్లు చేతికొచ్చాక కంటే.