దేవరకొండలో ఓటీటీ చందాలు మేలా, ఇంటి మీడియా సర్వర్ మేలా?

దేవరకొండలో ఉంటున్నామని, ఓటీటీ చందాలు మానేసి ఇంట్లోనే మీడియా సర్వర్ పెట్టుకోవచ్చా అని అడిగారు. మీడియా సర్వర్ అంటే మన వీడియోలను దాచి, ఇంటి రౌటర్ ద్వారా టీవీకి పంపే కంప్యూటర్. మీ ఇంట్లో క్రికెట్ ప్రత్యక్ష ప్రసారాలు, కొత్త సినిమాలే ఎక్కువ చూస్తారా? అయితే చందా తప్పదు. సర్వర్ మీరు దాచుకున్న వీడియోలనే చూపిస్తుంది.

పెళ్లి వీడియోలు, బతుకమ్మ ఆటల రికార్డింగులు, కొనుక్కున్న పాత డీవీడీలు పేరుకుపోయిన ఇంటికి మాత్రం సర్వరే మంచిదని గట్టిగా చెబుతాను. ఓటీటీలో హక్కుల గడువు తీరితే సినిమా కనిపించకుండా పోతుంది. మీ డిస్క్‌లోది మీరు తీసేసేదాకా ఉంటుంది. పైగా ఊరి బయట కేబుల్ తెగి ఇంటర్నెట్ ఆగినా, ఇంట్లో రౌటర్ పనిచేస్తే చాలు, టీవీలో బొమ్మ ఆగదు.

పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, అది పూర్తిగా ఉచితం. 20 వాట్లు తీసుకునే యంత్రం రాత్రింబవళ్లు నడిచినా నెలకు 15 యూనిట్లు దాటదు. చిక్కంతా వీడియో ఫార్మాట్‌తోనే. టీవీకి తెలియని ఫార్మాట్‌ను సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి, అక్కడే పాత ప్రాసెసర్ తడబడుతుంది. అందుకే ఫైళ్లను ముందే దాదాపు అన్ని టీవీలకూ తెలిసిన హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చి పెట్టుకోండి. వేసవి గాలిదుమారానికి కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనండి. డిస్కులు హఠాత్తుగా చెడిపోతాయి కాబట్టి పెళ్లి వీడియోలకు వేరే డిస్క్‌లో ఇంకో నకలు తప్పనిసరి.