పాత సైన్యానికి కొత్త రంగా, కార్డు మీద కొత్త సైన్యమా?

ప్రశ్న: లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెపోలియన్ కాలపు యుద్ధాల టేబుల్ ఆట నా హాబీ. 28 మి.మీ. ప్లాస్టిక్ ఫ్రెంచ్ లైన్ ఇన్‌ఫాంట్రీ (మామూలు కాల్బలం) బొమ్మలు 72 ఉన్నాయి. 1812 నాటి యూనిఫారంతో నేనే రంగులు వేసుకున్నాను. మార్చిలో మా క్లబ్బు 1812లో రష్యా దండయాత్రలో జరిగిన పొలొట్స్క్ యుద్ధం ఆడుతోంది. స్విస్ రెజిమెంట్లు రెండు కావాలి, ఒక్కోదానికి 36 బొమ్మలు. కొత్త పెట్టెలు రెండు 56 పౌండ్లు. రంగులు వేసిపెట్టే ఆయన బొమ్మకు 8 పౌండ్లు అడుగుతున్నారు. మొత్తం 632. సేవింగ్స్‌లో 300 ఉన్నాయి, ఊళ్లో ఇంటి లోను ఈఎంఐకి నెలనెలా పంపుతున్నాను. 24.9 శాతం క్రెడిట్ కార్డు మీద తీసుకుని ఏడాదిలో తీర్చేయనా? లేక పాతవాటికే రంగు మార్చనా? అమ్మేస్తే నయమా?

జవాబు: కార్డు వద్దండీ. 632 పౌండ్లను ఆ రేటుకు 12 నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 59 కట్టాలి. వడ్డీయే సుమారు 79 పౌండ్లు. కింద చెప్పే పద్ధతిలో రెండు రెజిమెంట్లూ కలిపి 75 పౌండ్లలో తయారవుతాయి. ఆ 300 కూడా ముట్టుకోకండి. అత్యవసరంగా ఇండియాకు టికెట్ తీయాల్సి వస్తే అదే తక్కువ.

రంగు మార్పులో డబ్బు ఖర్చు స్వల్పమే, అసలు పోయేది ఉన్న సైన్యం. 72 బొమ్మలూ స్విస్‌గా మార్చేస్తే తర్వాతి ఆటకు మళ్లీ ఫ్రెంచ్ వాళ్లను కొనాలి. అందుకని సగమే మార్చండి. ఏ సగం, దేనిగా అన్నది యూనిఫారమే చెబుతుంది.

ఫ్రెంచ్ సేవలో ఉన్న నాలుగు స్విస్ రెజిమెంట్లూ 1812లో ఫ్రెంచ్ జనరల్ మెర్ల్ డివిజన్‌లో ఉన్నాయి. కోటు ఎర్రన, షాకో టోపీ, కోటు కత్తిరింపు ఫ్రెంచ్‌వే. తెల్ల ప్యాంట్లు, తోలు పట్టీలు, వీపు సంచీ ముట్టుకోనక్కర్లేదు. (అదే యుద్ధంలో ఫ్రెంచ్ పక్షాన ఉన్న బవేరియన్లయితే హెల్మెట్ వేరు, తలలే మార్చాలి. ఆ ఖర్చు ఇక్కడ లేదు.) మొదటి రెజిమెంట్‌కు కాలరు, కఫ్‌లు (చేతి అంచులు), ల్యాపెల్ (ఛాతీ మీది మడత) పసుపు; రెండోదానికి నీలం. మీ పాత బొమ్మలకు కాలరు, కఫ్‌లు ఎరుపు. ఎరుపు మీద నీలం రెండు పూతల్లో కూర్చుంటుంది. పసుపు అలా కాదు: కింద ముందుగా తెలుపు వేయకపోతే ఎన్ని పూతలు పూసినా నారింజ రంగు తొంగిచూస్తుంది. కాబట్టి పాతవాటిలో 36 బొమ్మలను రెండో రెజిమెంట్‌గా మార్చండి. మొదటిదానికి 28 పౌండ్ల పెట్టె ఒకటి కొని, లేత ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద మీరే వేసుకోండి.

పాత పూతను ఒలిచే పని పెట్టుకోకండి. మీ పూత పలచగా ఉండి బొత్తాలు, మడతలు స్పష్టంగా కనిపిస్తుంటే దాని మీదే వేయొచ్చు. మందంగా ఉన్నవాటికి మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, అదీ ముందు ఒక్క బొమ్మ మీద చూసి. ఎసిటోన్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

మిగతావాటిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రాత్రంతా ఆరనివ్వండి. చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు. దిమ్మెను నీళ్లలో ముంచొద్దు, ఇసుక అంటించిన తెల్ల జిగురు వదులవుతుంది. పైన మెరుపు వార్నిష్ ఉంటే మ్యాట్ వార్నిష్ పలచగా కొట్టాకే మొదలుపెట్టండి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది కోటు దగ్గరే. మీ ఫ్రెంచ్ బొమ్మల కోటు ముదురు నీలం, దాని మీద నేరుగా ఎరుపు వేస్తే మురికి ఊదాగా కనిపిస్తుంది. దాన్ని కప్పాలని నాలుగైదు పూతలు వేస్తే బొత్తాలు పూడిపోతాయి. ముందు ఎరుపు ఛాయ ఉన్న గోధుమరంగు ఒక పూత, అది ఆరాక ఎరుపు రెండు పూతలు, రెండు చుక్కల రంగుకు ఒక చుక్క నీరు కలిపి. తర్వాత కాలరు, కఫ్‌లు, ల్యాపెల్ నీలం. అంచుల పసుపు గీత ల్యాపెల్‌కు వేస్తే చాలు, రెండడుగుల దూరం నుంచి మిగతావి కనబడవు. తెల్ల పట్టీల మీద పడిన ఎరుపును చివర్లో సరిదిద్దుకోండి. జెండా కాగితం కూడా మార్చాలి. వార్నిష్ స్ప్రే చలిగా, తేమగా ఉన్న రోజున కొడితే బొమ్మ మీద తెల్లటి పొర కమ్ముతుంది; ఇంగ్లండ్ శీతాకాలంలో పొడి రోజు చూసుకుని కొట్టండి.

ఖర్చు ఇదీ: ఎరుపు రెండు సీసాలు, గోధుమ, పసుపు ఒక్కోటి, కలిపి 12 పౌండ్లు, వార్నిష్, ప్రైమర్ స్ప్రేలు 20, బ్రష్‌లు 10, జెండాలు 5, పెట్టె 28. రంగు మార్పుకు బొమ్మకు 25 నిమిషాల చొప్పున 15 గంటలు. వారానికి మూడు గంటలు కూర్చుంటే ఐదు వారాలు. ఈ నెల రంగులు, వచ్చే నెల పెట్టె కొనండి. అప్పుడు ఏ నెలా ఈఎంఐకి అడ్డు రాదు.

ఇక అమ్మకం. రంగు వేసిన బొమ్మలకు వచ్చే ధరలో మీ గంటల విలువ సాధారణంగా రాదు, కాబట్టి వాటిని పెట్టుబడిగా లెక్కించకండి. ఎప్పుడో వాడిన సొంత బొమ్మలు అమ్ముకుంటే అది వ్యాపారం కాదు. కొని, రంగు వేసి, లాభానికి అమ్మితే మాత్రం వ్యాపారమే. అలా వచ్చే మొత్తం పన్ను ఏడాదికి 1,000 పౌండ్లు దాటితే పన్ను శాఖకు చెప్పాలి. ఇతరుల బొమ్మలకు డబ్బు తీసుకుని రంగులు వేసేముందు మీ వీసా షరతులు కూడా చదువుకోండి.