కీమో తిమ్మిర్లకు ఐసు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వారం వారం ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించాలంటున్నారు. మందు ఎక్కేటప్పుడు చేతులకూ కాళ్లకూ ఐసు పెడితే తిమ్మిర్లు రావని బంధువులు చెప్పారు. మా ఆస్పత్రిలో అలాంటి ఏర్పాటేమీ లేదు. మేమే ఐసు పట్టుకెళ్లి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

పెట్టొచ్చు. కాకపోతే ముందు డాక్టరుగారి చెవిన వేయండి, డే కేర్ నర్సుకూ చెప్పండి. అసలు రావనడం మాత్రం ఎక్కువ మాట. తగ్గే అవకాశం ఉంది, అంతే.

నరాల లోపల పోషకాలు అటూ ఇటూ పోవడానికి పట్టాల్లాంటి సన్నని పోగులుంటాయి. ప్యాక్లిటాక్సెల్ వాటిని బిగదీసేస్తుంది. నరం ఎంత పొడవైతే దెబ్బ అంత ఎక్కువ. అందుకే తిమ్మిరి కాలివేళ్ల కొసల్లోనూ చేతివేళ్ల కొసల్లోనూ ముందు తెలుస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి, రక్తంలో మందు ఎక్కువగా ఉండే ఆ గంటలో వేళ్లకు చేరేది తగ్గుతుంది. అంటే పనిచేసేది ఆ సమయంలో పెట్టిన ఐసే. ఇంటికొచ్చాక సాయంత్రం పెడితే ఫలితం ఉండదు.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే మనిషికి ఒక వైపు చెయ్యీ కాలూ గంటన్నర చల్లబరిచి, రెండో వైపు వదిలేశారు. లెక్కలోకి వచ్చిన 36 మందిలో చేతుల తిమ్మిరి బాగా ఇబ్బందిపెట్టింది చల్లబరిచిన వైపు 2.8 శాతం, వదిలేసిన వైపు 41.7 శాతం. తేడా పెద్దదే గానీ అధ్యయనం చిన్నది. పైగా ఏ వైపు చల్లబరిచారో రోగికి తెలుస్తూనే ఉంటుంది. అందుకే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020లో ఇంకా సిఫారసు చేసేంత ఆధారం లేదంది. అదే ఏడాది యూరప్ సంఘం మాత్రం ఆలోచించవచ్చంది. మేం యూరప్ వాళ్ల వైపే. ఖర్చు పెద్దగా లేదు, జాగ్రత్తగా చేస్తే హానీ తక్కువే.

ఇక చేసే పద్ధతి. వారం వారం ఇచ్చే డోసు మామూలుగా గంటలో ఎక్కుతుంది. దానికి పావుగంట ముందు మొదలుపెట్టి, అయిపోయాక ఇంకో పావుగంట ఉంచాలి. ప్యాక్లిటాక్సెల్‌కు ముందు, అలర్జీ రాకుండా డెక్సామెథాసోన్, అవిల్ లాంటివి ఇస్తారు. అవి నడుస్తుండగానే, అసలు మందు ఎప్పుడు తగిలిస్తారో నర్సును అడిగి సిద్ధం కండి. అవిల్‌కు నిద్ర ముంచుకొస్తుంది. ఐసు పెట్టుకుని నిద్రపోతే చర్మం దెబ్బతింటున్నా తెలియదు. పక్కన ఒకరు మెలకువగా ఉండి చూసుకోవాల్సిందే.

జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవర్లు తీసుకోండి. ఒక్కోదాంట్లో అరకిలో చితక్కొట్టిన ఐసు, ఒక గ్లాసు నీళ్లు పోసి, గాలి తీసేసి మూయండి. నీళ్లు దేనికంటే, ఐసూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపు వేడి 0 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. ఇంటి ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాకు మైనస్ 18 దాకా ఉంటుంది. దాన్ని ఒంటికి నేరుగా ఆనిస్తే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది. ఐసు కరక్కుండా ఉంటుందని కొందరు ఉప్పు వేస్తారు. అది ఇంకా ప్రమాదం, ఉప్పుతో వేడి సున్నా కిందికి దిగిపోతుంది. చేతులకూ కాళ్లకూ ఒక్కో కవరు, మధ్యలో ఒకసారి మార్చడానికి మరో నాలుగు. దారిలో కరిగేది కూడా కలుపుకుని థర్మోకోల్ పెట్టెలో ఐదు కిలోల ఐసు ఉంటే సరిపోతుంది.

పల్చటి నూలు గ్లవుజులు, సాక్సు వేసి వాటి మీద కవరు చుట్టండి. వేళ్లన్నీ మునిగితే చాలు, మణికట్టు దాకా అక్కర్లేదు. కవరు కారితే వెంటనే మార్చండి, తడి బట్ట చలిని ఇంకా లోపలికి పంపుతుంది. ఉంగరాలు, మెట్టెలు తీసేయాలి. గంటన్నర మెట్టెలు లేకపోతే మునిగిపోయేదేమీ లేదు. గోళ్లకు గోరింటాకు వద్దు, రంగు కనపడదు. పావుగంటకోసారి ఐసు తీసి గోరు నొక్కి వదలండి. తెల్లబడి రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కాలి. ఎక్కకపోయినా, చర్మం పాలిపోయి గట్టిపడినా, ఓర్చుకోలేని నొప్పి ఉన్నా ఆ రోజుకు ఆపేయండి. వేడినీళ్లలో మాత్రం ముంచొద్దు. మొదటి కొద్ది నిమిషాలు వేళ్లు లాగడం మామూలే. ఒళ్లంతా వణికితే దుప్పటి కప్పి కాళ్ల ఐసు తీసేయండి.

మందు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్న గొట్టం (కాన్యులా) అరచేతి వెనక ఉంటే చిక్కు. చలికి సిర ముడుచుకుని మందు నెమ్మదిస్తుంది. మందు సిర బయటికి కారినా మొద్దుబారిన చేతికి నొప్పి తెలియదు. ముంజేతికి పెట్టమని అడగండి. ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చే కీమో పోర్ట్ ఉంటే ఈ బాధే లేదు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచి ఉంటే డాక్టరును అడగకుండా ఐసు పెట్టొద్దు.

చలికి వేళ్లు తెల్లగా, నీలంగా మారేవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ తక్కువున్నవాళ్లు, చలికి దద్దుర్లు లేచేవాళ్లు, షుగరు వల్ల ఇప్పటికే పాదాలు మొద్దుబారినవాళ్లు దీని జోలికి పోకూడదు.

మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ ఇస్తున్నారు. ఆయనకూ ఇలాగే పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

వద్దమ్మా. ఆక్సాలిప్లాటిన్ ఇచ్చిన తొలి రోజుల్లో చలే తిమ్మిరిని రేపుతుంది. ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు మూసుకుపోయినట్టు, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. చల్లటి స్టీలు చెంబు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. ఎక్కించిన ప్రతిసారీ కొన్ని రోజులు గోరువెచ్చని నీళ్లే ఇవ్వండి, స్నానానికీ అవే. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టనివ్వకండి.

ప్యాక్లిటాక్సెల్ అయిపోయి రెండు నెలలైంది. పాదాలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఇప్పుడు ఐసు పెడితే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ఐసు వచ్చిన తిమ్మిరిని తగ్గించదు. కీమో ఆగాక కూడా కొన్ని వారాలు తిమ్మిరి పెరగడం ఉంది, తర్వాత చాలామందికి నెలల మీద మెల్లగా తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. కీమో ఇంకా నడుస్తున్నవాళ్లకు ఒక మాట: జాకెట్ హుక్సు పెట్టుకోవడం కష్టమైనా, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోయినా తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పాలి. డోసు తగ్గించడమో కొన్నాళ్లు ఆపడమో అప్పుడే సాధ్యం.

మంట, నొప్పి ఉంటే డ్యులాక్సెటిన్ కొంత పనిచేస్తుంది. మామూలుగా రోజుకు 30 మిల్లీగ్రాములతో వారం మొదలుపెట్టి 60కి పెంచుతారు. నొప్పి లేని ఉత్త మొద్దుబారుడుకు దాని ఉపయోగం తక్కువ. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మీరు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. అది ఒంట్లో మందుగా మారకుండా డ్యులాక్సెటిన్ కొంత అడ్డుపడుతుంది. నరాల బలానికని షాపులో కొనే బిళ్లల మీద బి6 విటమిన్ ఎంతుందో చూసుకోండి. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది.