కొత్త స్పీకర్లు కొనే ముందు

చిరంజీవి అల్లుడికి, నల్లగొండ నుంచి మీ మామ ఆశీస్సులు.

కారులో పాటలు మంచిగా వినిపిస్తలేవు, స్పీకర్లన్నీ మార్పిస్తా అని మొన్న ఫోన్‌లో అన్నావు కదా. జర ఆగు. క్లాక్ టవర్ దగ్గర ఏళ్ల తరబడి టేప్ రికార్డర్లు, కారు స్టీరియోలు బాగుచేసిన మనిషిగా చెప్తున్నా: సౌండ్ బాలేదని వచ్చిన బండ్లలో స్పీకర్ నిజంగా పోయినవి తక్కువే. పాట నీ చేతి మ్యూజిక్ ప్లేయర్‌లోంచి బయలుదేరి డెక్కుకు, అంటే కారు స్టీరియోకు, చేరేలోపే చెడిపోతుంది. అట్లా చెడిన సౌండ్‌ను ఎంత ఖరీదైన స్పీకర్ కూడా బాగుచెయ్యలేదు. పైగా ఆ గరగర ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

నువ్వు సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ (ప్లేయర్ పాటను డెక్కులోని ఎఫ్ఎం రేడియోకు గాలిలో పంపే డబ్బా) పెట్టి వింటున్నావు. అన్నిట్లోకి బలహీనమైన దారి అదే. ముందుగా డెక్కు ముఖం మీద ఆక్స్ (AUX) అని రాసి, ప్లేయర్ వైరు పిన్ను పెట్టే చిన్న రంధ్రం ఉందేమో చూడు. కొన్ని బండ్లలో అది గేర్ రాడ్ దగ్గరో, గ్లవ్ బాక్స్‌లోనో ఉంటుంది. ఎక్కడా కనిపించకపోతే డెక్కు బయటికి లాగించి వెనక చూడు. ఎరుపు, తెలుపు రంగుల సాకెట్లు ఉంటే అవి సౌండ్ లోపలికి తీసుకునేవో, యాంప్లిఫయర్‌కు బయటికి ఇచ్చేవో చదివి చూసుకోవాలి. లోపలికి తీసుకునేవైతే నీ పని అయిపోయినట్టే, ఒక వైరు చాలు.

వైరు పొట్టిగా ఉండేది, పిన్ను గట్టిగా ఉండేది తీసుకో. పిన్ను పూర్తిగా దిగాలి. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. పాటలో డప్పు, తబలా, వయొలిన్ వినిపిస్తాయి కానీ పాడే మనిషి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, లేదా మొత్తానికే మాయమవుతుంది. అట్లయితే చాలామంది స్పీకరే పోయిందనుకుంటారు. అది పిన్ను సగం దిగడం వల్లనో, వైరులో గ్రౌండ్ (కుడి, ఎడమ సౌండ్లు రెండిటికీ ఉమ్మడిగా ఉండే తీగ) తెగడం వల్లనో వచ్చే జబ్బు. గ్రౌండ్ అందకపోతే కుడి, ఎడమ రెండిట్లో సమానంగా ఉండే సౌండ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గొంతును రికార్డింగ్‌లో మధ్యలోనే, అంటే రెండు వైపులా సమానంగా, పెడతారు కాబట్టి ముందు పోయేది అదే. పిన్ను కొద్దిగా తిప్పి, లోపలికి నొక్కి చూడు. గొంతు తిరిగొస్తే వైరు మార్చు, అంతే.

తర్వాత వాల్యూమ్. ప్లేయర్‌లో సగానికి పెట్టి డెక్కులో గట్టిగా పెంచితే పాటతో పాటు స్... అనే హిస్ కూడా పెరుగుతుంది. తిరగేసి చెయ్యి. ప్లేయర్‌ను ముప్పావు కంటే పైన, పూర్తికి కొంచెం కింద ఉంచి, మిగతాదంతా డెక్కు నాబ్‌తో తగ్గించుకో, పెంచుకో. డోలు గట్టిగా మోగే చోట సౌండ్ పగిలినట్టుంటే ప్లేయర్‌లో ఒకటి రెండు మెట్లు దించు. ఈక్వలైజర్ (బేస్ అనే బరువు మోతను, సన్నని సౌండ్‌ను విడివిడిగా పెంచి తగ్గించేది) డెక్కులో ఒక్క చోటే ముట్టుకో: ప్లేయర్‌లో ఫ్లాట్, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా, ఉంచు; డెక్కులో బేస్ పెంచే లౌడ్‌నెస్ ఆఫ్ చెయ్యి. రెండు చోట్లా బేస్ పెంచితే మాట మునిగిపోతుంది. నువ్వు ఎక్కువగా వినేది క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ఒగ్గు కథలు కదా, కథకు మాటే ప్రాణం. వాటికి బేస్ కొద్దిగా తగ్గిస్తేనే బాగుంటుంది.

బండి నడుస్తుంటే గుయ్యి మని మోగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆ మోత కూడా సన్నగా పైకి పోతుంది అన్నావు. అది ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మోత. ఇంజన్ నడుస్తుండగా ప్లేయర్ చార్జర్ పీకి చూడు. మోత ఆగిపోతే దోషం గ్రౌండ్ లూప్‌ది. అంటే ప్లేయర్‌కు చార్జర్ ద్వారా ఒక గ్రౌండ్, ఆక్స్ వైరు ద్వారా ఇంకో గ్రౌండ్ అంది, రెండిటి మధ్య కరెంటు తిరుగుతోంది. వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెడితే సరిపోతుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్లే ఉంటాయి. మరీ నాసిరకం కొంటే బేస్ కొంత తగ్గుతుంది. నన్నడిగితే ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని, కారులో బ్యాటరీ మీద వినడమే మేలు. చార్జర్ పీకినా మోత పోకపోతే డెక్కు ఎర్త్ (గ్రౌండ్) వైరు వదులుగా ఉందేమో చూపించాలి.

ఆక్స్ ఎక్కడా లేదని తేలి, ట్రాన్స్‌మిటరే గతి అయితే స్టేషన్ ఎంపికలో తెలివి చూపాలి. నల్లగొండలో ఖాళీగా ఉన్న నంబర్ పెట్టుకుని బయలుదేరితే చౌటుప్పల్ దాటాక హైదరాబాద్ స్టేషన్లు మీదపడతాయి. 91.1, 93.5, 98.3 లాంటివి గట్టిగా వస్తాయి, వాటి పక్క నంబర్లు కూడా పనికిరావు. కాబట్టి ఎల్బీనగర్‌లో బండి పక్కకు ఆపి అక్కడ ఖాళీగా ఉన్న నంబర్ వెతుకు. అంత రద్దీలో ఖాళీగా ఉన్నది చిట్యాల, నార్కట్‌పల్లి దాకా ఇబ్బంది పెట్టే అవకాశం తక్కువ. బ్లూటూత్ డబ్బా కూడా ట్రాన్స్‌మిటర్ కంటే నయమే, కానీ ఆక్స్ ఉంటేనే, దాన్ని కూడా అందులోనే పెట్టాలి. ఎఫ్ఎం మీద పంపే రకమైతే మళ్లీ అదే కథ.

పాట ఫైలు 320 కేబీపీఎస్ (పాటలో సెకనుకు ఎంత డేటా ఉందో చెప్పే లెక్క) ఎంపీ3 అయితే కారుకు చాలు. 128లో ఉన్నదాన్ని 320కి మార్చితే సైజు పెరుగుతుంది తప్ప పోయిన సౌండ్ తిరిగి రాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పకుండా పాటించు. హైవే మీద ప్లేయర్ చేతిలో పట్టుకుని పాటలు వెతకొద్దు. బయలుదేరే ముందే వరుస పెట్టుకో, మార్చాల్సి వస్తే బండి ఆపు. ఎండాకాలం మన దగ్గర కారు నిలిపి పోతే డ్యాష్‌బోర్డ్ కాలిపోతుంది, లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు, ఉబ్బుతుంది. దిగేటప్పుడు ప్లేయర్ జేబులో వేసుకో.

ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతే ఆదివారం బండి తీసుకురా. ముందు తలుపుల ప్యాడ్‌లు విప్పి స్పీకర్ కోన్ (ముందు గరాటులా ఉండే భాగం) చిరిగిందేమో, స్క్రూలు వదులయ్యాయేమో చూద్దాం. మార్చాల్సి వస్తే ముందువి రెండే మారుద్దాం, వెనకవాటి జోలికి పోవద్దు. అమ్మను అడిగినట్టు చెప్పు.

మీ మామ