వేగంగా కొట్టుకునే గుండెకు పేస్‌మేకరా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ఈమధ్య ఉన్నట్టుండి గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటోంది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మందులు మార్చినా తగ్గలేదు. పేస్‌మేకర్ ఉన్న పరికరం పెట్టాలంటున్నారు. అది గుండె వేగం తగ్గినవాళ్లకు కదా? ఇంకా వేగం పెంచేస్తుందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, చాలామంది ఇదే అడుగుతారు. 1958లో తొలిసారి ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ గుండె వేగం తగ్గిన రోగికే. మీవాళ్లకు చెప్పింది బహుశా ఐసీడీ. అందులో పేస్‌మేకరుతో పాటు షాక్ ఇచ్చే ఏర్పాటూ ఉంటుంది.

గుండెపోటు మానినచోట మచ్చ మిగులుతుంది. దాని చుట్టూ విద్యుత్ సంకేతం గానుగెద్దులా తిరగడం మొదలుపెడితే, చుట్టుకొకసారి గుండె కొట్టుకుంటుంది. నిమిషానికి 170 అంటే ఒక్కో చుట్టుకు సుమారు 350 మిల్లీసెకన్లు. పరికరం ఇది పసిగట్టి, 310 మిల్లీసెకన్లకొకటి చొప్పున, అంటే దానికన్నా కాస్త వేగంగా, ఓ ఎనిమిది సంకేతాలు పంపుతుంది. మొత్తం రెండున్నర సెకన్ల పని. ఒకసారి స్పందించిన కండరం వెంటనే మళ్లీ స్పందించలేదు. కాబట్టి తిరుగుతున్న సంకేతం వచ్చేసరికి దారి మూసుకుపోయి ఉంటుంది, అది అక్కడే ఆగిపోతుంది. మీరు భయపడుతున్న ఆ వేగమే వైద్యం! నొప్పి ఉండదు, చాలామందికి జరిగిన సంగతే తెలియదు.

అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పను. ఒక్కోసారి వేగం నిజంగానే పెరగవచ్చు. అందుకే గుండె కింది గదుల్లో పుట్టే ఈ జబ్బుకు ఉత్త పేస్‌మేకర్ చాలదు, వెనక షాక్ ఉండాలి. షాక్ మాత్రం ఛాతీ మీద తన్నినట్టే ఉంటుంది. షాక్ దాకా వెళ్లకుండా ముందు ఈ వేగపు సంకేతాల పద్ధతి వాడేలా సెట్ చేస్తారా అని డాక్టరుగారిని తప్పక అడగండి. మచ్చ దగ్గరి దారిని కాల్చే అబ్లేషన్ గురించి కూడా అడగండి. పై గదుల్లో పుట్టే వేగానికైతే ఇప్పుడు చాలావరకు అబ్లేషనే చేస్తున్నారు. పరికరం పెట్టినా మందులు సొంతంగా ఆపొద్దు.

పరికరం పెట్టేలోపు మళ్లీ అలా వస్తే ఇంట్లో చూస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆయన్ని బండి నడపనివ్వొద్దు. పెట్టాక సెల్‌ఫోన్ దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో వద్దు. ఒక్క షాక్ వచ్చి మనిషి మామూలుగా ఉంటే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. వెంటవెంటనే రెండు వచ్చినా, స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి ఉన్నా అంబులెన్స్ పిలవాలి. షాక్ వచ్చే సమయంలో ఆయన్ని పట్టుకోవడానికి జంకకండి, చెయ్యి కాస్త జిల్లుమంటుందేమో గానీ మీకేమీ కాదు.