రంగు డబ్బా పక్కన పెట్టు అల్లుడూ

అల్లుడూ,

ఫోటోలు చూశాను. ప్రొద్దుటూరు గుజిరీ అంగట్లో చెట్లు కోసే మిషన్లు, అదే పాత చైన్ సాలు, మూడు తూకం లెక్కన కొన్నావు, బాగుంది. నీ వయసులో నేను కూడా ఇట్లాగే గోతాల్లో మోసుకొచ్చి మీ అత్త చేత తిట్లు తిన్నా. కానీ నువ్వు అడిగిన మొదటి ప్రశ్న చూసి నవ్వొచ్చింది. ఏ రంగు వేయాలి మామా అంటావా? మనిషి ఊపిరాడక పడి ఉంటే చొక్కా ఏది తొడగాలి అన్నట్టుంది. రంగు డబ్బా మూత పెట్టి అటక మీద పెట్టు, దాని పని చివర్లో, అసలు ఉంటే.

మిషన్ ఊరికే గుజిరీకి రాదు. ఎవరో ఒకరోజు దాన్ని లాగి లాగి విసుగొచ్చి మూలన పడేసి ఉంటారు. ఆ రోజు అది ఎందుకు ఆగిందో నీకు తెలియనంత వరకు తాడు లాగొద్దు. నీకున్న దురద నాకు తెలుసు, ఇంటికి రాగానే పెట్రోల్ పోసి ఒక్కసారి లాగి చూద్దాం అనిపిస్తుంది. ఒకవేళ అది స్టార్టయితే ఇంకా ప్రమాదం, మిగిలిన కాస్త ప్రాణం కూడా ఆ ఐదు నిమిషాల్లోనే పోతుంది.

ముందు సైలెన్సర్ విప్పు. టార్చి వేసి ఆ రంధ్రంలోంచి పిస్టన్ పక్క భాగం చూడు, మొదట ఈ వైపు, తర్వాత కార్బొరేటర్ తీసి ఆ వైపు. రెండు వైపులా నున్నగా ఉంటే నీ అదృష్టం. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలు ఉంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువై కాలిపోయిందని అర్థం. కార్బొరేటర్ వైపు గీతలుంటే ఫిల్టర్ లేకుండానో చిరిగిన ఫిల్టర్‌తోనో దుమ్ము తాగింది. చుట్టూ గీతలే ఉంటే ఎవరో ఆయిల్ కలపకుండా ఒట్టి పెట్రోల్ పోశారు, మన దగ్గర ఇది చాలా మామూలు, కూలికి వచ్చినవాడికి ఎవరూ చెప్పి ఉండరు. పిస్టన్ పట్టేసి కదలకపోతే ప్లగ్గు తీసి టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే ఇంజన్ ఆయిల్) పోసి రెండు రోజులు వదిలెయ్, సుత్తి మాత్రం ముట్టుకోవద్దు.

గాలి ఎక్కువై కాలిందంటే గాలి ఎక్కడినుంచి వచ్చింది? నేను ఇక్కడే దెబ్బతిన్నా. చాలా ఏళ్ల కిందట ఒక సా మిల్లు వాళ్ల మిషన్ తెచ్చారు. సైలెన్సర్ వైపు గీతలు. కొత్త పిస్టన్, రింగులు వేశాను, బోరు శుభ్రం చేశాను, పాటలాగా పాడింది. డబ్బులు తీసుకున్నా. చింత మొద్దు మీద అరగంట కూడా నడవలేదు, మళ్లీ పట్టేసింది. మిల్లు యజమాని నా ముఖం మీద ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. విప్పి చూస్తే మాగ్నెట్ చక్రం వైపు ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, ఎండిపోయి రాయిలా ఉంది, అక్కడినుంచి గాలి లాక్కుంటోంది. ఆ మిషన్ మొత్తంలో అన్నిటికంటే చవక సామాను అది. రెండో పిస్టన్ నా జేబులోంచి వేశాను.

అందుకే ఇప్పుడు ఏ మిషన్ వచ్చినా ముందు లీకు చూస్తాను. సైలెన్సర్ రంధ్రానికీ కార్బొరేటర్ రంధ్రానికీ సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించు, ప్లగ్గు ఉండనీ. ఇంజన్ లోపలి గాలి ఒత్తిడిని కార్బొరేటర్‌కు అందించే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, దాన్లోకి బీపీ చూసే మిషన్ గొట్టం పెట్టి బల్బు నొక్కు. ముల్లు 250 దగ్గర నిలబడాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ వస్తోందో చూడు. సీలు దగ్గర, సిలిండర్ కింద గాస్కెట్ దగ్గర, ఈ రెండు చోట్లే ఎక్కువ. సీలుకు కంపెనీ పేరు అడగొద్దు, పాతది వెర్నియర్‌తో కొలిచి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం రాసుకుని బేరింగుల అంగట్లో అడుగు. మిగతా చిల్లర సామాన్లకు చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేట ఒక రోజు తిరిగితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరక్కపోయినా తిరగడానికి బాగుంటుంది.

విప్పేటప్పుడు రెండు సంగతులు. క్లచ్ చాలా మిషన్లలో ఎడమ మర, మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది. పిస్టన్ తిరగకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు కాస్త లోపలికి దూర్చు, ఇనుప ముక్క పెట్టొద్దు. మాగ్నెట్ చక్రాన్ని పుల్లర్‌తోనే లాగు. నేను సుత్తితో కొట్టి ఒక దాని రెక్కలు విరగ్గొట్టుకున్నా, అట్లాంటిది మళ్లీ నాకు దొరకలేదు. బాడీ చాలావరకు మెగ్నీషియం, దాన్ని గ్రైండర్ మీద వైరు బ్రష్‌తో రుద్దితే లేచే పొడి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రేగుతుంది. కిరోసిన్, పాత టూత్ బ్రష్, ఓపిక. అంతే.

స్పార్కు లేదని కాయిల్ పారేయొద్దు. పాతవాటిలో చక్రం కింద పాయింట్లు, అంటే స్పార్కు కోసం కలుస్తూ విడిపోయే రెండు లోహపు ముక్కలు ఉంటాయి, ఏళ్ల తరబడి పడుంటే వాటి మీద పొర కట్టుకుంటుంది. గట్టి కాగితం స్పిరిట్‌లో తడిపి మధ్యలో లాగు, గ్యాప్ చాలావాటికి 0.35 నుంచి 0.4 మి.మీ. ఉంటే చాలు. కాయిల్‌కూ చక్రానికీ మధ్య విజిటింగ్ కార్డు మందం సరిపోతుంది. మీ ఊళ్లో రాజ్‌దూత్‌లు, లూనాలు చేసిన ముసలి మెకానిక్ ఎవరైనా బతికుంటే రెండు టీలు తాగించి పక్కన కూర్చో, వీడియోల కంటే ఆయన చెయ్యి చూడటం నయం.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ లోపలి పలచని పొర, అదే డయాఫ్రం, దానికి ఉబ్బి, తర్వాత ఎండి చిట్లుతాయి. పైగా అది గాలిలో తేమ పీలుస్తుంది. కాబట్టి ఆ రోజుకు కావలసినంతే కలుపు, సాయంత్రం ట్యాంకు వంచేసి, మిగిలింది ఇంజన్ తాగి ఆగిపోయేదాకా నడుపు. పాత మిషన్లకు నేను లీటరుకు 40 మి.లీ. మంచి టూటీ ఆయిల్ కలుపుతా. ఇంకా ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకునేవాళ్లున్నారు, అది తప్పు, ఆయిల్ పెరిగితే పెట్రోల్ వాటా తగ్గి ఇంజన్ మరింత వేడెక్కుతుంది. కార్బొరేటర్ స్క్రూలు రెండూ ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టు. ఖాళీగా ఫుల్ యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు కాస్త గుర్రుమనాలి, చెక్కలో పెట్టగానే ఆ గుర్రు పోయి గొంతు తేటపడాలి. ఖాళీలోనే కీచుమని అరుస్తుంటే వెంటనే ఆపి హెచ్ స్క్రూ, అంటే ఫుల్ స్పీడులో పెట్రోల్ వదిలేది, కాస్త వదులు చెయ్.

చైన్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. 1946లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతుంటే చెక్కను తొలిచే పురుగు ఒకటి కనిపించింది. మన మామిడి కాండంలో దూరే పురుగు లాంటిదే. అది దవడలు కుడికీ ఎడమకూ ఆడిస్తూ చెక్కను ఎటుపడితే అటు తినేస్తోంది. ఆ దవడల వంపు చూసి ఆయన చైన్ పళ్లు చేశాడు, ఇవాళ నీ చైన్ మీద ఒకటి కుడికి ఒకటి ఎడమకు ఉన్న పళ్లు దాని సంతానమే. ఆకురాయి పట్టేటప్పుడు ఆ పురుగును గుర్తుపెట్టుకో, రెండు వైపులా పళ్లు ఒకే పొడవు లేకపోతే కోత వంకర పోతుంది. పెద్ద .404 చైన్‌కు (ఇవి అంగుళాల్లో చైన్ సైజులు) 5.5 మి.మీ. గుండ్రటి ఆకురాయి, మామూలు 3/8కు 5.2. మన కంపచెట్లకూ చింతకూ మట్టి పట్టి ఉంటుంది, ముందు బెరడు గొడ్డలితో చెక్కు, లేకపోతే పొద్దంతా ఆకురాయితోనే గడుస్తుంది.

నీ మూడింట్లో పెద్దది, స్టిల్ కంపెనీ 070 సంగతి. అసలైతే 106 సీసీ, మంచి బరువు. కానీ దానికి నకళ్లు బోలెడు, పాతబడిన నకలు కూడా పాతదిలాగే కనిపిస్తుంది. పోత పోసిన బాడీ మీద అక్షరాలు చూడు, వెస్ట్ జర్మనీ అని ఉంటే 1990 ముందుదని ఒక ఆధారం, అదొక్కటే నమ్మకం కాదు, కవరు ఒకదానిది బాడీ ఒకదానిది కావచ్చు. స్టిక్కరు మిగిలి ఉంటే గోకొద్దు. మాసిన అసలు రంగు కొత్త రంగు కంటే విలువ. 1959లో స్టిల్ వాళ్లు కాంట్రా అని 12 కిలోల మిషన్ తెచ్చారు, అట్లాంటిది ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పు, బేరం ఆడకుండా తీసుకో.

ఆ తరం మిషన్లలో చైన్ బ్రేకు ఉండదు. బార్ (చైన్ తిరిగే పొడుగు ఇనుప పలక) ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది, నీకు కన్ను ఆర్పే సమయం కూడా ఉండదు. ముక్కుతో కోయొద్దు, భుజం పైకి ఎత్తొద్దు, తాడు లాగేటప్పుడు నేల మీద పెట్టి కాలితో తొక్కి పట్టు. మిషన్ అదురుకు చేతులు తిమ్మిరెక్కితే ఆపెయ్. నా కుడి చేతి రెండు వేళ్లు చలికాలం ఇప్పటికీ తెల్లబడతాయి.

ఇంకొకటి, మనది ఎర్రచందనం జిల్లా. కోసే మిషన్ గోతంలో వేసుకుని సిద్ధవటం దారిలో రాత్రి పూట బస్సెక్కితే ఎవరు చూసినా ఏమనుకుంటారో ఆలోచించు. నన్ను ఒకసారి చెకింగు వాళ్లు దింపి రెండు గంటలు కూర్చోబెట్టారు, వాళ్ల తప్పు లేదు. గుజిరీ వాడి దగ్గర నంబరు రాయించి చీటీ తీసుకో. సరదాకి చూద్దామని ఎవరి పొలం గట్టునో ఉన్న చెట్టు మీద పెట్టొద్దు, నీళ్లనూ భూమినీ చెట్లనూ కాపాడే వాల్టా చట్టం ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు. టింబర్ డిపోలో పనికిరాని మొద్దు ఒకటి కొని దాని మీద నేర్చుకో.

మూడింటినీ ఒకేసారి విప్పొద్దు, బోల్టులు కలిసిపోతాయి. చిన్నదానితో మొదలుపెట్టు, 070 చివర్లో. ఈ రాత్రికే ఆ చిన్నదాని సైలెన్సర్ విప్పి, ఏమీ తుడవకుండా, టార్చి పక్కనుంచి పట్టుకుని పిస్టన్ ఫోటో తీసి పంపు. మసి కూడా కనబడాలి. బద్ధకించకుండా పంపు, నేను పది దాకా మేలుకునే ఉంటా.

మీ మామ, బద్వేలు